కరియ తోక

అక్కయమ్మ చేతి ముగ్గు గీత ఏదీ మొదలైన చోటికి తిరిగి రాకుండా ఆగింది లేదు. ఎంత దూరం పోయినా, ఎన్ని చుక్కల చుట్టూ మెలికలు తిరిగినా, చివరకు అది తన మొదటి కొనను తానే అందుకోవాలి. అందుకునేదాకా ఆమె వాకిట్లోంచి లేవదు. ములబాగిలు తాలూకాలో, బైరకూరు దాటిన తర్వాత వచ్చే చిన్న పల్లెకు ఆమె కాపురానికి వచ్చి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ముగ్గులో సందు చూసినవాళ్లు లేరు. ఊరు దానిని నైపుణ్యం అనుకుంది. కొంత నైపుణ్యం ఉన్న మాట నిజమే. మిగిలినది భయం.

ఆ భయం పుట్టింటివాళ్లు పెట్టి పంపిన సామానులోదే. ఆమె తండ్రి శ్రీనివాసప్ప చిత్తూరు వైపు పల్లెనుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చినవాడు. గని కార్మికులకు కట్టిన వరుస ఇళ్లను అక్కడ లైన్లు అనేవారు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. ఒకరి వాకిట్లో చాట పెడితే సగం ఇంకొకరి వాకిట్లో ఉంటుంది. అందుకని లైన్లలో ఆడవాళ్లు చిన్న ముగ్గు నేర్చారు. చుక్కకూ చుక్కకూ నడుమ వేలెడు దూరం, గీత దారమంత సన్నం. పక్కింటి తమిళావిడ దానిని కోలం అనేది, అక్కయమ్మ తల్లి వెంకటలక్ష్మమ్మ ముగ్గు అనేది. చుక్కలు మాత్రం ఇద్దరివీ ఒకటే. బంగారం తీసేసిన మట్టిని లైన్ల వెనక కొండలుగా పోసేవారు. గాలి కాలంలో ఆ బూడిదరంగు దుమ్ము లేచి వచ్చి, పొద్దున వేసిన ముగ్గును మధ్యాహ్నానికి మాపేసేది. మాసిపోవడం వేరు, మూయకుండా విడవడం వేరు అని వెంకటలక్ష్మమ్మ చెప్పేది. మాసిపోయేది గాలి పని. విడిచేది మనిషి పని.

ఆ మాట ఆమె ఒక ఉదయం తర్వాతే చెప్పడం మొదలుపెట్టింది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌కు లైన్లలో ఎవరూ తల ఎత్తరు. వేళ కాని వేళ మోగితే మాత్రం పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఎవరికీ పట్టదు. ఆ ఉదయం వెంకటలక్ష్మమ్మ ముగ్గు సగంలో ఉండగా సైరన్ మోగింది. రాత్రి షిఫ్టుకు దిగిన శ్రీనివాసప్ప ఇంకా పైకి రాలేదు. ఆమె వేళ్ల సందున పిండి అట్లాగే ఉండగా లేచి గని నోటి వైపు పరుగెత్తింది. చిన్నపిల్ల అక్కయమ్మ వాకిట్లో మిగిలిపోయింది. ఆమె ముందు ఒక గీత చుక్క చుట్టూ వంపు తిరిగి, ఎటు పోవాలో తెలియనట్టు ఆగిపోయి ఉంది.

లోపల ఒత్తిడికి బండ పగిలింది. శ్రీనివాసప్పను విరిగిన కాలితో పైకి తెచ్చారు. ఆయన పక్కనే పని చేస్తున్న మారప్ప ప్రాణంతో రాలేదు. సాయంత్రం ఇల్లు చేరిన వెంకటలక్ష్మమ్మ లోపలికి పోలేదు. ముందు వాకిట్లో కూర్చుని ఆ గీతను పూర్తి చేసింది. ఆ తర్వాతే ఏడ్చింది.

కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ సంబంధం లేదని మన తర్కవేత్తలు పూర్వమే తేల్చారు. తేల్చినవాళ్లలో ఎవరి మనిషీ ఆ చెట్టు కింద నిలబడి లేడు. శ్రీనివాసప్ప కుంటుతూ నడిచినన్నాళ్లూ భార్యను ఎగతాళి చేస్తూనే ఉన్నాడు.

"ఏమే, ఆ బండ నీ వాకిలి చూసి పగిలిందా? అంత లోతుకు ఎండే దిగదు, నీ ముగ్గెట్ల దిగుతుంది?"

"నువ్వు లోపల ఉండావు కాబట్టి నీకు తెలీదు. నేను బయట ఉండాను," అనేది ఆమె.

ఆ జవాబులో తర్కం ఎంత ఉందో చెప్పడం కష్టం. అక్కయమ్మ మాత్రం దానినే తనతో తెచ్చుకుంది.

పల్లెలో ఆమె భర్త వెంకటరామప్పకు రాగి చేనూ, కొద్దిపాటి మామిడి తోటా ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక అక్కయమ్మ ఊరి అంగన్‌వాడీలో ఆయమ్మగా చేరింది. ఒకే గది, ముందు చిన్న అరుగు, పక్కన వంటకు రేకుల చాటు. పొద్దున ఉప్పిట్టు అనే ఉప్మా, మధ్యాహ్నం అన్నం, తర్వాత చాపల మీద పిల్లల నిద్ర. వాళ్లు ఆమెను అవ్వా అంటారు. అరుగు కింద నల్ల కుక్క ఒకటి పడుకుని ఉంటుంది. దాని పేరు కరియ, కన్నడంలో నల్లోడు అని. అది ఎవరిదీ కాదు, కాబట్టి పిల్లలందరిదీ. ఉప్పిట్టు గిన్నె మూత చప్పుడు వింటే చాలు, కళ్లు తెరవకముందే దాని తోక నేలను ఊడవడం మొదలుపెడుతుంది. పిల్లలు దానిని ముఖంతో గుర్తుపట్టరు, ఆ తోకతో గుర్తుపడతారు.

ఈ ఏడు ఉగాది దాటిన తర్వాత సూపర్‌వైజర్ మేడం వచ్చింది. చాపల మీద కూర్చున్న పిల్లలను చూసి, లెక్క పెట్టనవసరం లేకుండానే నిట్టూర్చింది.

"ఇంత తక్కువమందితో నడపడం కష్టమమ్మా. జూన్‌కు ఇంకా తగ్గితే పక్కూరి కేంద్రంలో కలిపేస్తారు. నేను ఆపగలిగేది కాదు. ఉన్న పిల్లలనైనా పోనీకండి," అంది.

ఆమె మాటలో కోపం లేదు, అబద్ధమూ లేదు. పక్కూరు చెన్నై రోడ్డుకు అవతల ఉంది. రాత్రీ పగలూ లారీలు పరుగెత్తే ఆ రోడ్డును మూడేళ్ల బిడ్డ దాటలేదు. అక్కడ ఆయమ్మ ఉండనే ఉంది. ఒక గదికి ఇద్దరు అక్కర లేదు. కేంద్రం పోతే తన చేతికి పని పోతుందన్నది అక్కయమ్మకు వెంటనే తట్టింది. ఆ గదికి తాళం పడటం తట్టడానికి ఆ రాత్రి పట్టింది. రెండవదే ఆమెను ఎక్కువ బాధించింది.

ఆ జూన్ అంతా ఒక్క ఇంటి మీద ఆధారపడి ఉంది. మునిలక్ష్మి కూతురు రక్షితకు నాలుగేళ్లు. మునిలక్ష్మి కోలారు పక్కన తమక అనే ఊరినుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినది, చురుకైన మనిషి, ఆవుల్ని మేపి డైరీకి పాలు పోస్తుంది. ఆమె ఏది చేస్తే తోడికోడళ్లు అదే చేస్తారు. వాళ్ల పిల్లలూ ఈ చాపల మీదే పడుకుంటారు. రక్షిత ములబాగిలు కాన్వెంటు వ్యాను ఎక్కితే ఆ ఇంటి పిల్లలందరూ ఎక్కినట్టే. అక్కయమ్మ డైరీ దగ్గర పాలచెంబు దించి అడిగింది.

"ఏం మునిలక్ష్మీ, బిడ్డను కాన్వెంటు గాడి ఎక్కిస్తావంట?"

"ఎక్కిస్తానత్తా. దాంట్లో దాచేదేముండాది. మీకాడ ఏముండాది చెప్పు, ఉప్పిట్టూ నిద్రా."

"నీ బిడ్డ ఈడ నిద్ర పోతావుండాది కాబట్టి నువ్వు ఆడ పాలు పిండతావుండావు."

"అదీ నిజమే లే," అని మునిలక్ష్మి నవ్వింది. "ఐనా ఆ గాడి మింద బొమ్మలు చూసినప్పటినుంచి దానికి పిచ్చి పట్టిండాది. ఎలుగొడ్డు సైకిలు తొక్కతా ఉంటుందంట. మీ గోడ మింద ఏముండాది? పోలియో చుక్కల కాగితం. అదీ చినిగి."

అక్కయమ్మ ఆ మాట టీచరుకు చెప్పింది. శశి టీచరు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి బైరకూరు కోడలైన పిల్ల. గనులు మూతపడ్డాక పెరిగింది, సైరన్‌ను కథల్లోనే విన్నది. ఆమె ఫోను తీసి ఒక వీడియో చూపించింది. బొమ్మలు గీయడం కొత్తగా నేర్చేవాళ్ల కోసం ఎవరో చేసినది. ఒక గుండ్రం, దాని పక్కన ఇంకో గుండ్రం, రెండు చెవులు, రెండు చుక్కల కళ్లు. చూస్తుండగానే నవ్వే కుక్క ఒకటి తయారైంది.

"ఇంతే అక్కయమ్మా. మనమే ఏద్దాం. నల్ల రంగు మా ఇంట్లో ఉండాది, గేటుకు ఏసినాక మిగిలింది."

శశి ముందు సుద్దముక్కతో పలక మీద ప్రయత్నించింది. పిల్లలు చుట్టూ చేరి చూసి అది వంకాయ అని తేల్చారు. ఆమె కాళ్లు గీసింది. నడిచే వంకాయ అన్నారు.

"నాకు రాదు తల్లీ. నీ చెయ్యి ముగ్గు చెయ్యి. నువ్వే గియ్యి," అని ఆమె సుద్ద అక్కయమ్మ చేతిలో పెట్టింది.

అక్కయమ్మ గోడ ముందు నిలబడింది. చెయ్యి లేవలేదు. ముగ్గు పైనుంచి కిందికి పడేది, కూర్చున్న మనిషి వేళ్లలోంచి జారేది. గోడ మీద ఏదీ జారదు. పైగా ముగ్గుకు ముఖం ఉండదు; ఏ వైపునుంచి చూసినా అదే ఆకారం, ఇంట్లోంచి వచ్చేవాళ్లకూ వీధిలోంచి వచ్చేవాళ్లకూ ఒకటే. కుక్క అట్లా కాదు. దానికి ముందూ వెనకా ఉన్నాయి, ఎటో ఒక వైపు చూడాలి. ఆమె గీసిన మొదటి గుండ్రం వణికి కోడిగుడ్డైంది. చెరిపేసింది.

తర్వాత తనకు వచ్చిన దారిలోనే పోయింది. సున్నంలో వేలు ముంచి నేల మీద చుక్కలు పెట్టింది, వాటిని కలిపి చూసింది. తల చిన్న గుండ్రం, ఒళ్లు పెద్ద గుండ్రం, చెవులు రెండు మామిడాకులు, కాళ్లు బోర్లించిన పాలచెంబులు. నేల మీద కుదిరిన తర్వాతే ఆ చుక్కల్ని అదే కొలతతో గోడ మీదికి ఎక్కించింది. చుక్కలు ఉండేసరికి చేతికి ధైర్యం వచ్చింది. మరునాటి మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతున్నప్పుడు శశి ఇంటినుంచి తెచ్చిన నల్ల రంగులో కుంచె ముంచి, సుద్ద గీత మీద నెమ్మదిగా నడిపింది. వీపు దగ్గర మొదలైన గీత తోకగా పైకి లేచి, ఒక చుక్క చుట్టూ తిరిగి, మళ్లీ కిందికి దిగి నడుముకు అతుక్కుంది. ఒళ్లంతా ఒకే గీత. ఎక్కడా సందు లేదు.

బొమ్మ గొప్పగా ఉందనడానికి లేదు. ఒక కన్ను ఇంకోదానికంటే కిందికి దిగింది, కాళ్లు బోదకాలు వచ్చినట్టున్నాయి. కుక్క అని తెలిసింది, నల్లగా ఉంది కాబట్టి కరియ అనీ తెలుస్తుందని ఆమె అనుకుంది. సాయంత్రం తోటనుంచి వస్తూ వెంకటరామప్ప కిటికీలోంచి తొంగి చూశాడు.

"కుక్కేనా?"

"కాక?"

"కాళ్లు చూసి ఏనుగు అనుకున్న్యా. సరే, కుక్కే. మొరగకపోతే చాలు."

పొద్దున పిల్లలు వచ్చి గోడ ముందు గుంపు కట్టారు. కొందరు చప్పట్లు కొట్టారు. రక్షిత మాత్రం దగ్గరికి పోయి, తోక మీద వేలు పెట్టి, అది ఎటు పోతే అటు నడిపించింది. వేలు పైకి పోయి, తిరిగి, నడుము దగ్గర ఆగింది.

"అవ్వా, దీని తోక ఎవురు కట్టేసినారు?"

"ఎవురూ కట్టలేదమ్మా. తోక అట్లే ఉంటుంది."

"కరియకు అట్ల ఉండదు. ఇది ఎట్ల ఆడిస్తుంది?"

"బొమ్మ తోక ఆడిస్తుందా?"

"గాడి మింద ఎలుగొడ్డు సైకిలు తొక్కుతుంది," అని ఆ పిల్ల నింపాదిగా చెప్పింది. కాసేపు చూసి, "ఇది కరియ కాదు," అని తీర్పు ఇచ్చి, గోడకు వీపు పెట్టి కూర్చుంది. మిగతా పిల్లలు తోకను మళ్లీ చూశారు. చప్పట్లు ఆగిపోయాయి.

ఆ సాయంత్రమే డైరీ దగ్గర మునిలక్ష్మి గొంతు అందరికీ వినిపించింది.

"అత్తా, మీ కుక్కను తోకతోనే కట్టేసినారంట? కట్టేసిన కుక్కకాడ నేనుండను, గాడిలో పోతానంటావుండాది నా బిడ్డ."

పాలు పోయడానికి నిలబడ్డవాళ్లు నవ్వారు. అక్కయమ్మ కూడా నవ్వింది, ఎందుకంటే నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

శశికి ఇది పెద్ద చిక్కుగా తోచలేదు. "కింది గీత మింద స్వల్ప సున్నం కొట్టితే అయిపోయె. తోక గాల్లో నిలబడుతుంది," అంది.

"అది అయ్యే పని కాదు."

"ఎందుకు కాదు?"

"గీత ఇడిసిపెట్టకూడదు."

"ఇది ముగ్గు కాదు కదా అక్కయమ్మా. కుక్క."

సైరన్ ఎరుగని పిల్లకు ఏమని చెప్పాలి? చెప్పితే శశి వింటుంది, అయ్యో అంటుంది. ఆ అయ్యోలో ఎక్కడో ఒక మూల, పాపం పెద్దావిడ అనే మాట ఉంటుంది. ఆ మాట అక్కయమ్మకు వద్దు. తన భయం మూఢమని ఆమెకు తెలుసు. తండ్రి నోటినుంచి చిన్నప్పటినుంచీ విన్నదే. భయం తప్పని తెలిసినంత మాత్రాన అది వదిలిపోయేటట్టయితే, లోకంలో చదువుకున్నవాళ్లెవరూ భయపడేవారు కారు.

మేడం జూన్ మొదట్లో మళ్లీ వస్తానంది. మామిడి కోతలు మొదలయ్యాయి. గోడ మీద కుక్క తోక నడుముకు అతుక్కునే ఉంది, రక్షిత దానికి వీపు పెట్టి కూర్చుంటూనే ఉంది. పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టకూడదని శశి ఒక ఆలోచన చేసింది. ఒక మధ్యాహ్నం వాళ్లు నిద్ర లేచాక చాపలు చుట్టించి, తలుపులు బార్లా తీయించింది.

"అక్కయమ్మా, ఒక్కొక్కరికీ చుక్కలు పెట్టియ్యి. వాళ్లే కలుపుకోనీ. వాళ్ల కుక్కల్ని వాళ్లే గీసుకుంటారు."

అక్కయమ్మ నేలంతా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ప్రతి బిడ్డ చేతిలో చిటికెడు ముగ్గుపిండి పోసింది. పిండి ఎట్లా పట్టుకోవాలో, బొటనవేలితో ఎట్లా జార్చాలో చూపించింది. కొందరు చుక్కలు కలిపారు, కొందరు చుక్కల్ని తుడిచేశారు, ఒకడు పిండి తిన్నాడు. గదిలో రకరకాల జంతువులు పుట్టాయి. వాటిలో కుక్కలు తక్కువ. అయినా గీసిన ప్రతివాడూ తన దాన్ని చూసి కరియ అనే అన్నాడు, ఎవరూ కాదనలేదు. కొత్తగా గీయడం నేర్చేవాడికి ఉన్న ఒకే సౌకర్యం అది. తన మనసులో ఉన్నదీ చేతిలోంచి వచ్చినదీ ఒకటేనని అతడు నమ్మగలడు.

రక్షిత గుమ్మం పక్కన కూర్చుంది. తల గీసింది. ఒళ్లు గీసింది. తోక దగ్గరికి వచ్చి ఆగి, వంగి, వెనక్కి నడుస్తూ పిండి జార్చడం మొదలుపెట్టింది. గీత చుక్కలు దాటింది. గడప దాటింది. అరుగు మీద అడ్డంగా పోయి, మెట్టు దిగి, కరియ పడుకున్న వైపు సాగింది. దానికి మూరెడు దూరంలో ఆ పిల్ల గుప్పిట్లో పిండి అయిపోయింది. గీత అక్కడ ఆగింది.

అనుకోకుండానే అక్కయమ్మ వంగింది. వేళ్లలో పిండి ఉంది. ఆ కొసను పట్టుకుని వెనక్కి తిప్పి, గడప మీదుగా లోపలికి తీసుకుపోయి కుక్క నడుముకు అంటించడం ఎంతసేపు? రక్షిత ఆమె మణికట్టు పట్టుకుంది. ఉప్పిట్టు జిడ్డు ఇంకా వదలని చిన్న చెయ్యి.

"వద్దవ్వా. ముయ్యొద్దు."

"ముయ్యకపోతే ఎట్లమ్మా?"

"మూసినావంటే తోక ఎట్ల ఆడిస్తుంది?"

పిల్ల పట్టు పెద్ద పట్టు కాదు. విడిపించుకోవడానికి వేలు కదిపితే చాలు. అక్కయమ్మ కదపలేదు. తన గీత అయితే మూసేదాన్నే, అది ఆ బిడ్డ గీత అని తర్వాత అంది. ఆమె నిటారుగా లేచి, గీతను అట్లాగే వదిలి, లోపలికి పోయింది.

లోపల గిన్నెలు కడగడానికి కూర్చుంది. ఒక గిన్నె కడిగింది. అంతలో వెంకటరామప్ప ఆ రోజు తోటలో చెట్టెక్కి కాయలు కోస్తున్నాడన్న సంగతి గుర్తుకు వచ్చింది. పొద్దున సద్ది కట్టి ఇచ్చింది తానే. కొత్తగా గుర్తుకు రావలసిన పని లేదు. అయినా వచ్చింది. గిన్నె కింద పెట్టి, "టీచరమ్మా, ఇప్పుడే వస్తాను," అని బయటికి నడిచింది. వీధి చివరిదాకా నడిచింది. ఆ తర్వాత నడవలేదు, పరుగెత్తింది. తోట గట్టు ఎక్కేటప్పుడు చేత్తో కొమ్మ పట్టుకోబోయి చూసుకుంది. నీళ్లకు తడిసిన ముగ్గుపిండి వేళ్ల సందుల్లో గడ్డ కట్టి ఉంది. ఒకప్పుడు ఇట్లాంటి వేళ్లతోనే తల్లి పరుగెత్తింది. ఆ పరుగు వెనకనుంచి చూసింది తాను. దాని లోపల ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

వెంకటరామప్ప కొమ్మ మీద ఉన్నాడు. చిక్కం కట్టిన గడ అందని కాయల కోసం పైకి పోయినట్టున్నాడు.

"ఏందే, బడికి బీగం ఏసేసినారా అప్పుడే?"

"దిగు."

"ఇంగ రెండు కొమ్మలుండాయి."

"దిగు అంటావుండా కదా."

ఆయన దిగాడు. ఆమె ముఖం చూశాడు, తర్వాత వేళ్లు చూశాడు.

"ఈ పొద్దులో ఎవురి వాకిట్లో ముగ్గేసినావు?"

ఆమె చెప్పింది. పిల్ల గీసిన తోక సంగతీ, అది ఎక్కడ ఆగిందన్నదీ చెప్పింది. సైరన్ సంగతి చెప్పనక్కరలేదు. ఆయనకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ విన్నాడు.

"మీ నాయన ఉండింటే నవ్వుండును," అన్నాడు.

"నువ్వు కూడా నవ్వు."

"నేనెందుకు నవ్వేది. మీ నాయన నేల కింద ఉండి నవ్వినాడు, ఆయనకు చెల్లింది. నేను కొమ్మ మింద ఉండాను." గడ అందుకుని మళ్లీ చెట్టు వైపు తిరిగాడు. "ఆ రెండు కొమ్మలూ కోసేదాకా నువ్వు ఈడే కూర్చో. పడితే పట్టుకో."

"నీ బరువుకు నేను నేలలోకి పోతాను."

"అప్పుడు మీ నాయనకాడికి ఇద్దరం పోదాం."

ఆమె చెట్టు కింద కూర్చుంది. ఆయన కాయలు కోసి చిక్కంలో దించుతుంటే అందుకుని గంపలో పేర్చింది. ఎండ వాలింది. రెండు కొమ్మలూ అయిపోయాయి. ఆయన దిగుతూ మెడ మీద గట్టిగా చరుచుకున్నాడు.

"ఎర్రచీమలు. ఇదీ నీ ముగ్గు వల్లేనా?"

అక్కయమ్మ లెక్కలో అది కూడా వేసుకుందో లేదో తెలియదు. గంప తలకెత్తుకుని ఆయన వెనకే నడిచింది. అంగన్‌వాడీ దగ్గర పిల్లలు ఇళ్లకు పోయారు, శశి తాళం వేసి వెళ్లింది. మెట్టు కింద గీత ఇంకా ఉంది. కొస మీద కరియ పడుకుని ఉండటం వల్ల అది ఎక్కడ ఆగిందో కనిపించలేదు.

మరునాడు ఆమె సున్నపు డబ్బాతో తొందరగా వచ్చింది. గోడ మీద కుక్క నడుముకు దిగే గీతను ఒక్క పూతతో చెరిపేసింది. మిగిలిన తోకను కుంచెతో కొంచెం పొడిగించి, పైకి వంచి, చివర కుంచె ఎత్తేసింది. సున్నం కింద పాత గీత నీడలా కనిపిస్తూనే ఉంది. నల్ల రంగు ఒక్క పూతకు పోదు. రక్షిత వచ్చి, మళ్లీ వేలు పెట్టి నడిపించింది. వేలు తోక చివరకు పోయి గోడ మీదినుంచి గాలిలోకి జారింది.

"ఇప్పుడు కరియ," అంది. పొగడ్తలాగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

జూన్‌లో వ్యాను వచ్చింది. ఊరి మొదట్లో హారను కొట్టింది. మునిలక్ష్మి కూతుర్ని పంపలేదు. పంపకపోవడానికి ఆమె చెప్పిన కారణాలు వేరే ఉన్నాయి. వ్యాను వచ్చేది పాలు పోసే వేళకు; బిడ్డను తయారు చేస్తే పాలు ఆలస్యమవుతాయి, పాలు పోస్తే బిడ్డ మిగిలిపోతుంది. ఒక్క ఏడు ఆగి పెద్ద తరగతిలోనే చేర్పిద్దామని నాగేశ్ అన్నాడు. నాగేశ్ ఆమె భర్త. సాధారణంగా అతడు అన్నవి ఆమె వినదు, ఈసారి విన్నది. "ఆ పిల్ల కూడా కరియ కరియ అని ప్రాణం తీస్తావుండాది," అని చివర్లో కలిపింది. తోడికోడళ్లు ఆమె చేసిందే చేశారు.

మేడం వచ్చి, చాపల వైపు చూసి, ఈ ఏటికి ఫరవాలేదంది. వచ్చే ఏటి సంగతి తనకు తెలియదనీ అంది. గోడ వైపు చూసి, "కాళ్లు కొంచెం లావైనాయి," అంది. అక్కయమ్మ ఒప్పుకుంది.

బొమ్మ వల్లే కేంద్రం నిలిచిందని శశి ఇప్పటికీ అంటుంది. అక్కయమ్మ ఆ మాట ఒప్పుకోదు. గీత విడిచిన రోజున ఎవరికీ ఏమీ కాలేదు, గీత విడిచినందువల్ల మంచి జరిగిందనీ లేదు. విడిస్తే మంచి జరుగుతుందని నమ్మితే, చెడు జరుగుతుందనీ నమ్మవలసి వస్తుందని ఆమె అభిప్రాయం. ఈ మాటను ఆమె ఇంత పొడుగ్గా చెప్పదు. "పాలు పోసే టైమువల్ల మిగిలింది," అంటుంది.

ఇప్పటికీ ఇంటి వాకిట్లో ఆమె ముగ్గులో సందు ఉండదు. కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి, గీతను మొదలైన చోటికి తెచ్చి కలిపాకనే లేస్తుంది. తర్వాత అంగన్‌వాడీకి వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. లోపలికి వచ్చే ప్రతి బిడ్డా గోడ మీది తోకను ఒకసారి చేత్తో తడిమి పోతాడు. అందువల్ల ఒళ్లంతా నల్లగా నిలిచి ఉన్నా, అది మాత్రం వెలిసిపోతూ ఉంటుంది. వెలిసినప్పుడల్లా పిల్లలు నిద్రపోయే వేళ చూసి ఆమె మళ్లీ రంగు పూస్తుంది. వీపు దగ్గర మొదలుపెట్టి, పైకి పోయి, వంపు తిప్పుతుంది. చివరకు వచ్చాక చెయ్యి ఆగుతుంది. కిటికీలోంచి తోట వైపు ఒకసారి చూసి, కుంచె ఎత్తేస్తుంది.